వేలుసారు చూసిన మూడు హోటళ్లు

మా బావగారిని ఆయన పనిచేసిన హోటల్లో అందరూ వేలుసారు అనేవారు. గది సిద్ధమైందని కబురు రాగానే ఆయన వెళ్లి, తలుపు పైఅంచు మీద చూపుడువేలితో ఒక గీత గీసి, ఆ వేలిని వెలుతురుకు పట్టి చూసేవారు. వేలికి ధూళి అంటిందా, ఆ గదిని మళ్లీ మొదటి నుంచి తుడవవలసిందే. పక్కలు వేసే పనిలో చేరి, గదుల శుభ్రత చూసే విభాగానికంతకూ పెద్దగా పదవీవిరమణ చేసిన మనిషి. తన చేతులతో సిద్ధం చేసిన మంచాలకు లెక్క లేదు గాని, వాటిలో ఒక్కదాని మీదనైనా నడుము వాల్చి ఎరగరు.

ఇంటి దగ్గరా అంతే. "నిప్పులు కడిగే మొగుణ్ణి కట్టబెట్టారే నాకు. లేచి మంచినీళ్లు తాగివచ్చేలోపు నా పక్క ఎత్తేస్తారు. మళ్లీ పడుకోవాలంటే గది ఖాళీ ఉందా అని అడగాలి," అనేది మా అక్క. ఆ మాటకు అందరికంటే ముందు బావగారే నవ్వేవారు.

ఊరంతటికీ సెలవు వచ్చిందంటే ఆయనకు ఊపిరాడని పని. జనం పిల్లాపాపలతో ప్రయాణాలు కట్టేది అప్పుడే కాబట్టి, అక్క ఆయనతో కలిసి ఎక్కడికీ వెళ్లలేకపోయింది. ఆయన పదవీవిరమణ చేసిన ఏడాదే ఆమె గుండె జబ్బు బయటపడింది. పరీక్షలన్నీ అయ్యాక, గుండె డాక్టరు మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి, "ఎక్కడికైనా వెళ్లాలనుకుంటే ఆలస్యం చేయకండి," అన్నాడు. ఆ వాక్యంలో చెప్పకుండా వదిలేసినదేమిటో మా ముగ్గురికీ అర్థమైంది.

దారిలో అక్క అడిగింది ఒక్కటే. "సముద్రం దగ్గరికి తీసుకెళ్లండి. ఒక రోజంతా మీరు నా పక్కన ఊరికే కూర్చోవాలి. లేవకూడదు, ఏదీ సర్దకూడదు. అంతే."

"అదెంత పని? లాంచీలో వెళ్లే దీవి ఒకటుంది. నీకు ఆ దీవిలోకెల్లా మంచి హోటలు చూసి మరీ కూర్చోబెడతాను," అన్నారు బావగారు.

అసలు చిక్కంతా ఆ 'చూసి మరీ' లోనే ఉందని అప్పుడు మాకు తోచలేదు. అక్కకు తోడుగా నన్నూ రమ్మన్నారు. నేను బడిలో తెలుగు చెప్పి విరమించినదాన్ని, ఒంటరిదాన్ని, పిలిస్తే కాదనేందుకు కారణాలు లేనిదాన్ని.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. హోటలు అనే మాట రాకముందు మనకు బస ఉండేది, విడిది ఉండేది, మజిలీ ఉండేది. మజిలీ కూడా పరాయిదే గాని, వచ్చి చాలాకాలమైంది కనుక ఇంటిమనిషి కిందే లెక్క. వీటిలో నాకు విడిది ఇష్టం. విడిది అంటే విడిసే చోటు, మూట దించి ఆగే చోటు. పాఠం చెప్పేటప్పుడు ఈ మాట దగ్గర నేను కొంచెం ఎక్కువసేపే ఆగేదాన్ని. పిల్లలు గంట ఎప్పుడు కొడతారా అని చూసేవారు.

లాంచీ దిగగానే మొదటి హోటలు రేవు పక్కనే ఉంది. గాజు తలుపులు, అద్దంలా మెరిసే నేల, లిఫ్టు. సెలవుల రద్దీ కావడంతో ముగ్గురికీ కలిపి ఒకే పెద్ద గది దొరికింది. తాళంచెవి చేతిలోనే ఉన్నా, బావగారు తలుపు మీద రెండుసార్లు తట్టి, "హౌస్‌కీపింగ్," అని మెల్లగా పలికి, జవాబు కోసం ఆగారు.

"లోపల ఎవరూ లేరండీ. మనమంతా బయటే ఉన్నాం," అంది అక్క.

మంచం మీద తువ్వాలుతో హంసను చేసి పెట్టారు. నాకు ముచ్చటేసింది. బావగారు ఆ హంస మెడ విప్పి, తువ్వాలును కిటికీకి అడ్డంగా పట్టి చూశారు. "చూశావా టీచరమ్మా, అంచు పీలికలైంది. అది కనబడకుండా ఉండడానికే ఈ పక్షి."

"పోనీలెండి బావగారూ, ఒళ్లు తుడుచుకోవడానికి అంచుతో పనేముంది?"

"నీ పిల్లలు అచ్చుతప్పు రాస్తే, అర్థమైంది కదా అని ఊరుకున్నావా?"

నేను కిటికీ వైపు తిరిగాను. కిటికీ తెరిస్తే ఎదురుగోడ, దానికి వరసగా బిగించిన ఏసీ పెట్టెలు. సముద్రం కావాలంటే రోడ్డు దాటి చాలా దూరం నడవాలి, అక్క నడవలేదు. మర్నాడు ఉదయమే సామాను సర్దుకున్నాం.

రెండోది తోటలో విడివిడిగా కట్టిన చిన్న ఇళ్ల హోటలు. చెట్ల మధ్య ఇసుక దారులు, ప్రతి ఇంటికీ అరుగు. సముద్రం కనబడదు గాని వినబడుతుంది. అక్క అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ, మధ్యమధ్య పక్కనున్న ఖాళీ కుర్చీని చూసుకుంటూ ఆ మధ్యాహ్నమంతా గడిపింది. బావగారు లోపల ఉన్నారు. దిండుగలీబుల నోళ్లు తలుపువైపు తిరిగి ఉన్నాయట, లోపలికి వచ్చే మనిషికి ముందుగా అవే కనబడతాయట. దిండ్లన్నీ తిప్పారు. గది తుడవడానికి వచ్చిన ఆమెకు దుప్పటి మూల ఎలా మడవాలో నేర్పారు. మొదట ఆమె నవ్వుతూ నేర్చుకుంది. మూడోసారి విప్పి మళ్లీ వేయమన్నప్పుడు, "సార్, నాకింకా పక్క ఇళ్లున్నాయి," అని చీపురు పట్టుకుని వెళ్లిపోయింది.

మన భాషలో రెంటికి పోలిక చెప్పాలంటే 'కంటే' అనే చిన్న మాట సాయం కావాలి. ఆ ప్రయాణంలో బావగారి నోట అది లేని వాక్యం నేను వినలేదు. దానికంటే ఇది గాలి నయం. దీనికంటే అక్కడి పరుపు గట్టిది. మేము పడుకున్నా ఆయన మంచం అంచున కూర్చునే ఉండేవారు. నిద్ర పట్టడం లేదా అని అక్క అడిగితే, "దుప్పటి నలుగుతుంది," అనేవారు. ఆయన నవ్వుతూ అన్నా, అది నవ్వులాటకు అన్న మాట కాదు.

ఆ తోట ఇంట్లో చెమ్మ ఎక్కువ. తెల్లవారేసరికి అక్కకు దగ్గు పట్టుకుంది. ఈసారి బావగారు చూపిన వంకను కాదనలేకపోయాం. మళ్లీ సామాను, మళ్లీ టాక్సీ. వెనకసీట్లో అక్క నా భుజం మీద తల వాల్చి, "నేను సముద్రం చూడ్డానికి వచ్చానా, పరుపులు చూడ్డానికి వచ్చానా చెల్లీ?" అంది. ఆ మాట ముందుసీట్లో ఉన్నాయనకు వినపడాలనే అంది.

మూడోది పాత మేడ. ఉప్పుగాలికి గోడల రంగు పెచ్చులుగా లేచిపోయింది. ముందువైపు పొడవాటి వరండా, అందులో పేము కుర్చీలు. మెట్ల కింద కొంచెం ఇసుక, ఆ తరవాత అంతా నీళ్లే. అక్క టాక్సీ దిగి నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చుంది.

"గది మీరు చూసుకోండి. నేను చూడవలసింది చూశాను."

గది మేడమీద. కొళాయి చుక్కచుక్కగా కారుతోంది, అద్దం మూల పగిలింది. బావగారు కిందకు దిగి, దగ్గరలో ఇంకేవైనా హోటళ్లున్నాయా అని రిసెప్షన్‌లోని అమ్మాయిని అడగడం నేను చూశాను. భోజనాల దగ్గర అక్క చెంచా కింద పెట్టింది.

"ఇంక నన్ను మోయకండి. ఉన్న రోజులన్నీ ఇక్కడే. రేపు పొద్దున్నుంచి ఆ వరండాలో కూర్చుంటాను. మీరు పక్కనుండాలి. కాఫీ తేవడానికి కూడా లేవకూడదు."

బావగారు కంచం పక్కకు జరిపి ఆమెకేసి చూశారు. "సరే," అన్నారు. "మాట."

నిజంగానే ఇచ్చిన మాట అది. మర్నాడు ఉదయం ఆయన ముఖం తేటగా ఉంది. ఫలహారానికి మేము మెట్లు దిగుతుంటే, "మీరు నడుస్తూ ఉండండి, వెనకే వస్తా," అన్నారు. రోజంతా అక్క పక్కన కూర్చోవాలంటే, వెనక ఏ పనీ మిగిలి ఉండకూడదని ఆయన ఉద్దేశం. పక్కలు విప్పి కొత్తగా వేశారు. కొళాయి, అద్దం, స్నానాలగది నేల తుడిచారు. చెత్తబుట్ట ఖాళీ చేశారు. గది నేల తుడవడానికి మా సామానంతా బయట నడవాలో పెట్టారు. తడి ఆరేదాకా సామాను లోపలికి తేకూడదనేది ఆయన తన మనుషులకు పెట్టిన నియమమే. అంతస్తు దిగే మనిషి తాళంచెవి కింద ఒప్పగించి గాని కదలకూడదనేది మరొకటి. ఆయన తాళంచెవిని రిసెప్షన్ బల్ల మీద ఉంచి, ఉద్యోగంలో ఉన్నంతకాలం చేసినట్లే, ఒక్క మాటా మాట్లాడకుండా మా దగ్గరికి వచ్చేశారు.

ఫలహారం ముగించి, శాలువా తెచ్చుకుంటానంటే అక్కను మెల్లగా మేడ ఎక్కించాం. రిసెప్షన్ బల్ల దగ్గర అప్పుడు ఎవరూ లేరు, పైన తుడిచే మనిషి తలుపు తీస్తుందన్నారు బావగారు. మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కింది. నడవాలో సామాను లేదు. బావగారు తట్టబోయేలోపే తలుపు తెరుచుకుంది. భుజాన పసిబిడ్డను వేసుకున్న ఒకావిడ వాకిట్లో నిలబడి, మెల్లగా మాట్లాడమని సైగ చేసింది. ఆమె వెనక మంచం మీద, బావగారు అప్పుడే బిగించిన దుప్పటి మీద, మరో చిన్నపిల్ల బోర్లా పడుకుని నిద్రపోతోంది.

కింద మా సామాను గుమ్మం పక్కన వరసగా పేర్చి ఉంది. రిసెప్షన్ అమ్మాయి ముఖం పాలిపోయింది.

"మీరు ఖాళీ చేశారనుకున్నామండీ. తాళంచెవి ఇచ్చేశారు, సామాను బయట పెట్టారు, నిన్న వేరే హోటళ్ల గురించి అడిగారు. పొద్దున్న లాంచీలో వచ్చినవాళ్లకు గది ఇచ్చేశాను. పైకి వెళ్లి చూసొచ్చిన మా మనిషి కూడా, అసలు ఇందులో ఎవరైనా పడుకున్నారా అని అడిగింది."

ఉద్యోగంలో ఉండగా ఆ మాట ఎవరైనా అంటే బావగారు పొంగిపోయి ఉండేవారు. ఇప్పుడు ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు.

"గది వదులుతారేమో వాళ్లను అడిగి చూడనా అమ్మా?" అంది రిసెప్షన్ అమ్మాయి అక్కతో.

"వద్దు. పసివాళ్లు నిద్రపోతున్నారు."

ఆ అమ్మాయి దీవిలోని హోటళ్లన్నిటికీ ఫోన్లు చేసింది. మేము వదిలి వచ్చిన రెండూ నిండిపోయాయి. ఎక్కడా గది లేదు. ఆ సాయంత్రం లాంచీ పోతే మళ్లీ వారం మధ్యలో గాని లేదు. ఇక వెళ్లిపోవడమొకటే దారి.

"సాయంత్రం దాకా బోలెడు పొద్దుంది," అంది అక్క. "వరండాలో కుర్చీలు ఎవరికీ అద్దెకివ్వలేదు కదమ్మా? రండి, కూర్చుందాం."

"ఫోన్లో అందరూ లేవనే అంటారు. ఇన్నేళ్లూ నేను చెప్పించింది అదే కదా," అన్నారు బావగారు. "మనిషి ఎదురుగా నిలబడితే ఎక్కడో ఒక గది పుడుతుంది. ఇలా వెళ్లి అలా వచ్చేస్తాను."

"వద్దండీ. కూర్చోండి."

"నా వల్ల పోయింది. నేనే తెస్తాను."

ఆయన మెట్లు దిగి ఇసుకలో పడి వెళ్లిపోయారు. అక్క పిలవలేదు. గట్టిగా పిలిచే ఓపిక ఆమెకు లేదు. నేను ఆమెకు రెండో పక్కన కూర్చున్నాను. ఆయన కోసమని ఉంచిన కుర్చీలో ఎవరో కూర్చోబోతే, "మావారు వస్తున్నారు," అని దాని మీద చెయ్యి వేసింది. పూట మారేదాకా ఆ చెయ్యి తీయలేదు.

మధ్యాహ్నం వాలాక వచ్చారు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. చెప్పుల నిండా ఇసుక. కుర్చీలో కూలబడి, తిరిగిన హోటళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఒకదాంట్లో మెట్లు ఎక్కువ. ఆ మలుపు దగ్గరది దీనికంటే పెద్దదే గాని, గది ఉన్నా అక్కకు సరిపడేది కాదు. చివరిదానికంటే...

వాక్యం పూర్తి కాలేదు. తల కుర్చీ వీపు మీదకు వాలిపోయింది. లాంచీ దిగినప్పటి నుంచి ఆయన కన్ను మూసి ఎరగరు.

నేను ముందుకు వంగి చెయ్యి చాచాను.

"లేపకు," అంది అక్క.

"రోజంతా ఈ కుర్చీ కాచావు కదే, ఆయన మాట్లాడకపోతే ఎలా?"

"ఇన్నేళ్లలో నాకంటే ముందు నిద్రపోవడం చూడలేదు నేను. చూడు, గురక కూడా పెడతారు." నవ్వబోయింది, దగ్గు వచ్చింది. ఆ చప్పుడుకు ఆయన లేస్తారేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మబ్బు పట్టింది. నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి. అక్క ఆయన చేతిని తన ఒళ్లోకి తీసుకుని, ఆ చూపుడువేలిని పట్టుకుని కూర్చుంది. ఆ తరవాత నాతో ఏమీ మాట్లాడలేదు. లాంచీ కూత వినబడ్డప్పుడు ఆయన ఉలిక్కిపడి లేచారు.

"ఎంతసేపైంది?"

"ఇప్పుడే కదండీ," అంది అక్క.

బావగారు ఆకాశంకేసి, నీళ్లకేసి చూసి తల దించుకున్నారు. వంగి సామాను అందుకున్నారు.

వర్షాలు వెనకబట్టే నాటికి అక్క పోయింది. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా బావగారు అడిగే ప్రశ్న ఒక్కటే.

"ఆ సాయంత్రం సముద్రం ఎలా ఉంది టీచరమ్మా? మీ అక్క ఏమంది?"

విశేషణాలతో బతికినదాన్ని, ఏదో ఒకటి చెప్పగలను. కాని ఆయన దగ్గర కల్పించి చెప్పడానికి నోరు రాదు. మబ్బు పట్టిందని, అలలు పెద్దగా లేవని, లేపవద్దని అక్క అన్నదని, ఆయన వేలు పట్టుకుని కూర్చుందని చెబుతాను. ఆయన తల ఊపుతారు. ఇంకా ఏమైనా చెబుతానేమోనని నా ముఖంలోకి చూస్తూ కూర్చుంటారు. అంతకుమించి అక్కడ జరిగింది ఏమీ లేదు.