మాల లేని పటం

కమలక్క ఇక లేరని సూరత్ శివారు భేస్తాన్ నుంచి ఆమె భర్త మల్లేశం గారు ఫోన్ చేసినప్పుడు నా చేతిలో జిగురు సీసా ఉంది. మూత పెట్టడం మరిచాను. సాయంత్రానికి జిగురు గడ్డకట్టింది. నేను అంతకు ముందే గడ్డకట్టాను.

సూరత్‌లో చీరలకు రాళ్లు అతికించి బతికిన ఈ సిరిసిల్ల ఆడపడుచు తీరిక దొరికితే బొమ్మరింటికి పటాలు కట్టేవారు. అగ్గిపుల్లలే ఫ్రేము, చీర పెట్టె మీది ప్లాస్టిక్ కాగితమే అద్దం, లోపల క్యాటలాగులోంచి కత్తిరించిన గోరంత నెమలి. చిన్నచూపు దోషమంటారు, అక్కది మాత్రం ఆరాధ్యమైన చిన్నచూపు.

బ్యాంకు గుమాస్తానైన నేను ఆమె ఏకైక శిష్యుణ్ణి, అందువల్లే ప్రథముణ్ణి. నా తొలి పటం నాలుగు మూలలూ నాలుగు దిక్కులు చూశాయి.

"ఏంది సారూ, బ్యాంకుల గూడ గిట్లనే గీతలు గీస్తరా? జర ఆగుండ్రి, జిగురు ఆరనియ్యిండ్రి. తొందరపడెటోళ్లు పెద్దిండ్లు కట్టుకుంటరు" అన్నారు అక్క.

ఆ బొమ్మరిల్లు ఆమె కూతురు లతది. తొమ్మిదేళ్లకే జ్వరం ఆ పిల్లను తీసుకుపోయేనాటికి ఒక్క గదే పూర్తయింది. మిగతా మూడూ అక్క ఒంటరిగా అలంకరించి, నడిమి గోడకు లత పటం తగిలించారు. అసలింట్లో లత ఫోటోకు రోజూ పూలమాల మారేది. బొమ్మరింటి పటానికి మాలా లేదు, బొట్టూ లేదు. ఎందుకని అడిగాను.

"బయట పోయింది సారూ. గీ ఇంట్ల ఎవలూ సావలే."



"ఆమె పటం గూడ చెయ్యుండ్రి సారూ, బిడ్డ పక్కకు పెడ్త" అని అక్క పోయాక మల్లేశం గారు కోరారు. పదకొండో రోజుకు చేశాను. జీవితంలో మొదటిసారి నాలుగు మూలలూ కలిశాయి. ఆ సంబరంలో, పోయినవాళ్ల పటానికి మాల వేసే అలవాటులో, జరీపోగుతో సన్నని మాల అల్లి అతికించాను.

ఆయన పటాన్ని అందుకున్నారు. "మంచిగుంది సారూ. గని గీ మాల..." అని బొమ్మరింటి వైపు తిరిగారు.

అక్క వాడిన కత్తెర అడిగి తీసుకున్నాను. పోగు అంత సులువుగా రాలేదు. ఆమె చెప్పినట్టే ఆగి, జిగురు బాగా ఆరనిచ్చాను మరి. గీకి తీస్తే ఫ్రేము మీద తెల్లటి గీత మిగిలింది.

నా వంకరలు దిద్దే ఆ కరస్పర్శ ఇక దుర్లభం. అక్కా, మీ మందబుద్ధి శిష్యుడి నమస్సులు. మీ బొమ్మరింట్లో తల్లీబిడ్డలు పక్కపక్కనే ఉన్నారు. పెద్దింట్లో మల్లేశం గారు ఇప్పుడు రోజూ రెండు మాలలు మారుస్తున్నారు.