మెకానిక్ బయల్దేరాడు

లొరైన్ ఫ్రీసెన్‌కు కాలు ఒకచోట నిలవదు. కెనడాలోని విన్నిపెగ్‌లో ఇళ్లను వెచ్చగా ఉంచే హీటర్లు బాగుచేసే ఓ కంపెనీకి చాట్‌బాట్ కట్టినవాళ్లలో ఆమె ఒకతె. అంతా సవ్యంగా ఉందంటూ గోడమీది తెరలో దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నా నమ్మదు. జనం బాట్‌తో ఏం మాట్లాడారో రోజూ చదివితే గానీ ఆమెకు కాఫీ గొంతు దిగదు. "దీనికి అనుమానపు జబ్బు" అని తోటివాళ్లు నవ్వేవారు.

ఆ బాట్ ఒక్క ప్రోగ్రాము కాదు, చిన్న చిన్న ముక్కలు. మాట అర్థం చేసుకునేది ఒకటి, మెకానిక్‌ను పంపేది ఒకటి, జవాబు చెప్పేది ఇంకొకటి. ముక్కకో యజమాని. ఒక ముక్క పలకకపోయినా మిగతావి ఆగకూడదు, అడిగినవాళ్లకు ఏదో ఒక మంచిమాట చెప్పి తీరాలి. అదీ వాళ్ల నియమం. జవాబు చెప్పే ముక్క లొరైన్‌దే.

జనవరిలో ఒక మధ్యాహ్నం. బయట ఎముకలు కొరికే చలి. ఎడ్నా మగ్నుసన్ అనే ముసలావిడ పొద్దుటినుంచీ బాట్‌ను అడుగుతూనే ఉంది.

"హీటర్ ఆగిపోయింది."

"కంగారు పడకండి, మెకానిక్ బయల్దేరాడు."

"ఇంకా రాలేదు నాయనా."

"కంగారు పడకండి, మెకానిక్ బయల్దేరాడు."

ఒకే జవాబు మళ్లీ మళ్లీ కనబడేసరికి లొరైన్‌కు అనుమానం వచ్చింది. మెకానిక్‌ను పంపే ముక్క టెరెన్స్‌ది. అతని బల్ల దగ్గరికి పరుగెత్తింది.

"ఈవిడింటికి ఎవరు వెళ్లారు?"

"నన్నడుగుతావేం? నాది పచ్చగానే ఉందిగా!"

"నీ పచ్చ తగలెయ్య! మనిషి వెళ్లాడా లేదా, చూడు."

చూశాడు. ముఖం పాలిపోయింది. "పొద్దున చిరునామా తీసుకునే పద్ధతి మార్చాను. మీరు పాత పద్ధతిలోనే పంపుతున్నారు. వాటిని నా ముక్క వెనక్కి కొట్టేస్తోంది."

"మార్చినట్టు మాకు చెప్పావా?"

"చెప్పాననుకున్నా..."

తిలాపాపం తలా పిడికెడు. అతని ముక్క పొమ్మంది, ఆమె ముక్క నియమం తప్పకుండా తియ్యగా అబద్ధమాడింది. టెరెన్స్ మెకానిక్‌కు ఫోన్ కలిపాడు. లొరైన్ ముసలావిడకు కలిపి, కాలుగాలిన పిల్లిలా తిరగసాగింది. ఎంతసేపు మోగినా ఎత్తరేం!

చివరికి వణుకుతున్న గొంతు పలికింది. "గుమ్మం దగ్గరున్నారా?"

"లేదండీ. ఇంతవరకూ ఎవరూ బయల్దేరలేదు. ఇప్పుడే పంపుతున్నాం. దగ్గర్లో మీవాళ్లెవరైనా ఉన్నారా?"

"పక్కింటి డగ్ పొద్దున్నే వచ్చి వాళ్లింటికి రమ్మన్నాడు. నేనే పంపేశాను. మీ అబ్బాయెవరో అంత మర్యాదగా చెబుతుంటే, మెకానిక్ వచ్చేవేళకు తలుపు తీయకుండా ఎలా పోనమ్మా?"

ఆ అబ్బాయి లొరైన్ కట్టిన ముక్కే. "వెళ్లండి. ఇప్పుడే వెళ్లండి. అక్కడికి చేరేదాకా ఫోన్ పెట్టెయ్యకండి."

డగ్ గొంతు వినబడ్డాకే ఆమె కూర్చుంది. కూర్చుని ఆ మంచిమాటను చెరిపేసి కొత్తది రాసింది: "మీ కబురు మెకానిక్‌కు అందలేదు. వెంటనే మా ఆఫీసుకు ఫోన్ చేయండి."

టెరెన్స్ వెనకనుంచి చదివాడు. "ఇలా చెబితే జనం భయపడరూ?"

"భయపడనీ. భయపడితే పక్కింటికన్నా పోతారు."