వర్వారా లుకీవ్నా కోర్టుకెళ్ళిన రోజు

జిల్లా కోర్టు రెండో అంతస్తులో ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకున్న ఇత్తడి పిడి ఆ రోజు ఉదయం వర్వారా లుకీవ్నా చేతిలోకి ఊడి వచ్చింది. బయటివైపు పిడి బయటే పడి, నడవాలో కాస్త దూరం దొర్లుకుంటూ పోయిన చప్పుడు వినిపించింది. ఆవిడ తన చేతిలో ఉన్నదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వాష్‌బేసిన్ అంచున జాగ్రత్తగా పెట్టి, ఎలాగూ వచ్చాను కదా అన్నట్టు చేతులు కడుక్కుంది.

లోపల ఆవిడతో పాటు యారీనా ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల. కిటికీ కింద బోర్లించిన బకెట్ మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. అదే నడవా చివర, కోర్టు హాల్లో, ఆ పిల్ల తమ్ముడు తిమిష్ ఉన్నాడు. వాడి పక్కన ఇటలీ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఓర్నెల్లా, రెంజో ఉన్నారు. అక్కనీ తమ్ముణ్ణీ దత్తత తీసుకోవడానికి వచ్చారు. ఆ రోజే ఆఖరి విచారణ. జడ్జి పిల్లల్ని అడుగుతుంది, పిల్లలు ఒప్పుకుంటున్నామని చెప్పాలి. తోబుట్టువుల్ని విడదీయకూడదని మా ఉక్రెయిన్‌లో నియమం. యారీనా కాదంటే తిమిష్ కూడా ఇక్కడే ఉండిపోతాడు.

యారీనా వచ్చి ఇక్కడ దాక్కుంది. పిలుచుకు వెళ్దామని వర్వారా లుకీవ్నా వచ్చింది. వచ్చి, నడవాలో వాళ్ళ చెవిన పడకూడదని తలుపు గట్టిగా లాగింది. అంతకు మించి ఏమీ జరగలేదు.

"నేను చెప్పను," అంది యారీనా.

"ఏం చెప్పవు?"

"ఒప్పుకుంటున్నానని చెప్పను, వర్వారా లుకీవ్నా."

మామూలుగా ఆ పిల్ల "వర్వారా అత్తా" అని పిలుస్తుంది. తండ్రి పేరుతో కలిపి పిలిచిందంటే పైఅధికారులైనా దగ్గరుండాలి, లేదా ఒళ్ళైనా మండి ఉండాలి. అధికారులెవరూ లేరు.

"ముందు తలుపు సంగతి చూద్దాం. నువ్వు చెప్పకపోవడానికైనా ఇక్కణ్ణించి బయటపడాలి కదా," అంటూ వర్వారా లుకీవ్నా తలుపు మీద కొట్టింది.

ముందుగా వచ్చింది దుబాసీ ఇల్లోనా. "వర్వారా లుకీవ్నా, లోపల మీరేనా?"

"నేను కాకపోతే ఇంకెవరమ్మా పలికేది?"

తర్వాత కోర్టు కాపలాదారు ప్రోకిప్ దగ్గు వినిపించింది. "పిడి తిప్పండి," అన్నాడు.

"పిడి నా దగ్గరే ఉంది. తలుపుకే లేదు."

"అయితే లోపలికి లాగండి."

"ఇది బయటికి తెరుచుకునే తలుపు, ప్రోకిప్. ఇన్నేళ్ళబట్టీ కాపలా కాస్తున్నావు, ఆమాత్రం తెలీదూ?"

"నేను కాసేది కోర్టుని. ఆడవాళ్ళ దొడ్డిని కాదు," అని ప్రోకిప్ పరువుగా జవాబిచ్చి, పట్టకారు వెతకడానికి నేలమాళిగలోకి దిగాడు. నేలమాళిగ తాళంచెవి కుళాయిల మేస్త్రీ దగ్గర ఉందట. మేస్త్రీ ఎవరింట్లోనో నామకరణానికి వెళ్ళాడట. ఈ సమాచారమంతా ఇల్లోనా తలుపు సందులోంచి ఎప్పటికప్పుడు అందిస్తూ ఉంది.

అంతలో ఓర్నెల్లా కంగారు పడుతూ తన భాషలో ఏదో అంది. ఇల్లోనా అనువదించింది. "లోపల గాలి బాగానే ఆడుతోందా అని అడుగుతున్నారు."

"ఇది ఏ గదో చెప్పు. గాలి సంగతి ఆవిడకే అర్థమవుతుంది."

యారీనా పెదవి చివర కొంచెం కదిలింది గానీ నవ్వు వరకూ రాలేదు.

వర్వారా లుకీవ్నా పెద్ద పేరున్న మనిషి కాదు. పంచదార ఫ్యాక్టరీ మూతపడ్డాక పిల్లల వసతిగృహంలో చేరింది. ఆయా కంటే కాస్త ఎక్కువ, టీచరు కంటే బాగా తక్కువ అయిన ఉద్యోగం. పిల్లల్ని లేపడం, జుట్లు చిక్కులు తియ్యడం, హోంవర్కులు రాయించడం, రాత్రిపూట ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చోవడం. పెళ్ళి చేసుకోలేదు. మంచం దిగలేని తల్లితో ఒకే ఒక్క గదిలో ఉంటుంది. పెద్ద అధికారులు తనిఖీకి వచ్చిన రోజున ఒక కాలికి నల్ల బూటు, రెండోకాలికి గోధుమరంగు బూటు వేసుకుని వెళ్ళింది. డైరెక్టరు గుర్రుగా చూస్తే, "ఇంట్లో ఇలాంటిదే ఇంకో జత ఉంది సార్," అని చెప్పింది. ఆ మాట ఇప్పటికీ మా ఊళ్ళో చెప్పుకుంటారు. ఆవిడ అడ్డు చెప్పదు. మనుషులకి తన గురించి నవ్వుకునే మాట ఒకటి దొరికితే మిగతావి వెతకరని ఆవిడకి తెలుసు.

మిగతావాటిలో ఒకటుంది.

"పోయిన వేసవిలో వాళ్ళింటికి వెళ్ళొచ్చినప్పుడు బాగానే ఉందన్నావు కదే. సముద్రంలో ఈదానన్నావు. తిమిష్ గాడు తిన్న ఐస్‌క్రీముల గురించి శీతాకాలమంతా చెవులు చిల్లులు పొడిచారు ఇద్దరూ," అంది వర్వారా లుకీవ్నా.

"అప్పుడు చుట్టాన్ని. ఎప్పుడు పంపించేస్తారో ముందే తెలుసు."

"ఇప్పుడైతే?"

"ఇప్పుడు పంపించేస్తే ఎక్కడికి పంపిస్తారు?"

వర్వారా లుకీవ్నా కిటికీ రెక్క నెట్టి చూసింది. కిటికీ అద్దాలకి బయట మంచు అంటుకుని ఉంది. కిటికీ రెక్కల్ని ఎప్పుడో రంగేసినప్పుడు చట్రంతో సహా కలిపి రంగేసేశారు. అది కూడా తెరుచుకోదు.

"వాళ్ళు మంచివాళ్ళే," అంది యారీనా. "రెంజో నా కోసం ఉక్రెయిన్ పాట నేర్చుకున్నాడు. ఘోరంగా పాడతాడు. అదొక గోల. మంచివాళ్ళు కాకపోతే చక్కగా కాదని చెప్పేదాన్ని. ఇప్పుడు ఎటు తిరిగినా ఎవరికో అన్యాయం చేసినట్టే. కాదంటే తిమిష్‌కి. ఔనంటే..." అని ఆగి, "మీరు మమ్మల్ని ఎందుకు అడగలేదు?" అంది.

"ఏమిటి?"

"మీరు తీసుకుంటానని ఎందుకు అడగలేదు? ఎక్కడో సముద్రం ఒడ్డునుంచి వచ్చి అడిగారు వాళ్ళు. మీరు రెండు వీధుల అవతల ఉంటారు."

వర్వారా లుకీవ్నా అడిగింది. రెండేళ్ళ కిందట, శుభ్రంగా జుట్టు దువ్వుకుని, రెండు కాళ్ళకీ ఒకే రంగు బూట్లు వేసుకుని, పిల్లల సంరక్షణ కార్యాలయానికి వెళ్ళింది. గది చూడ్డానికి అక్కణ్ణించి ఒక అమ్మాయి వచ్చింది. ఒక మంచం, ఒక మడత మంచం, మంచం మీద తల్లి. ఆ అమ్మాయి నొచ్చుకుంటూనే, "ఇంకో ఇద్దరు ఎక్కడ పడుకుంటారండీ?" అంది. తల్లి మంచం మీంచే అందుకుంది. "నేను త్వరగానే ఖాళీ చేస్తాలే అమ్మా, రాసుకో." అది రాసుకునే రకం మాట కాదు. కుదరదన్నారు. వర్వారా లుకీవ్నా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెబితే ఈ పిల్ల బకెట్ మీంచి లేవదు. తనని పట్టుకుని వేలాడుతుంది, తమ్ముణ్ణి కూడా ఆపేస్తుంది. రెండేళ్ళు పోతే హాస్టల్ ఖాళీ చేసి ఏ కుట్టుపని స్కూల్లోనో చేరాల్సిందే. చెప్పకపోతే, తనకి అక్కర్లేకపోయిందని జీవితాంతం అనుకుంటుంది.

"మా గదిలో బొద్దింకలే వంతులేసుకుని తిరుగుతాయి," అంది వర్వారా లుకీవ్నా చివరికి.

"ఆ నవ్వు మాటలు అధికారుల కోసం దాచుకోండి," అంది యారీనా.

వర్వారా లుకీవ్నా కమోడ్ మూత దించి దాని మీద కూర్చుంది. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. పిల్లకీ మిగల్లేదు. అవతల ప్రోకిప్ ఎవరితోనో తాళంచెవి గురించి వాదిస్తున్నాడు. ఇద్దరూ నేలమీద పలకలు చూస్తూ చాలాసేపు కూర్చున్నారు.

ముందు తలెత్తింది యారీనా. "అత్తా."

"ఊఁ."

"మనం కూర్చున్నాం."

మా దగ్గర ఎవరైనా దూరప్రయాణం కట్టినప్పుడు, గడప దాటేముందు ఇంటిల్లిపాదీ మాటా పలుకూ లేకుండా కాసేపు కూర్చుంటారు. పెట్టె మీదో, పీట మీదో, ఎక్కడ చోటుంటే అక్కడ. కూర్చుని లేస్తే ఇక ప్రయాణం మొదలైనట్టే. ఎవరూ వెనక్కి తిరగరు.

"ఇది లెక్కలోకి రాదు. సామాను లేదు, బండి లేదు. పైగా ఇలాంటి చోట..." అంది వర్వారా లుకీవ్నా.

"చోటు గురించి ఎవరూ ఏం చెప్పలేదు. మా బామ్మ బస్టాండులో మెట్ల మీద కూర్చోబెట్టేది." యారీనా లేచి నిలబడింది. వాష్‌బేసిన్ పైన గోడకి ఒక అద్దం ఉంది, ఓ మూల పగిలింది. ఆ పిల్ల దానివైపు చూపు తిప్పకుండా, తిప్పకుండా ఉండడానికి కష్టపడుతూ నిలబడింది. "ప్రయాణం కట్టినవాళ్ళు వెనక్కి రావాలంటే అద్దంలో చూసుకుంటే చాలంటారు కదా. దోషం పోతుంది. మళ్ళీ మొదటికొస్తాం. చూడమంటారా?"

వర్వారా లుకీవ్నా లేచింది. రెండడుగులు వేసి, వాష్‌బేసిన్‌కి వీపు ఆనించి, అద్దానికీ పిల్లకీ మధ్య నిలబడింది. వెడల్పాటి మనిషి. పైన చలికాలపు కోటు. అద్దం అంచు కూడా కనబడలేదు.

యారీనా ఆ కోటు బొత్తాల వైపు చూస్తూ ఉండిపోయింది.

"అడిగాను," అంది వర్వారా లుకీవ్నా అప్పుడు. "మీ ఇద్దర్నీ అడిగాను. గది చాలదన్నారు."

పిల్ల ముందుకొచ్చి నుదురు ఆ బొత్తాలకి ఆనించింది. వర్వారా లుకీవ్నా రెండు చేతులూ వెనక్కి పెట్టి వాష్‌బేసిన్ అంచు పట్టుకునే ఉంది. చేతులు వదిలితే ఏం చేస్తుందో తన మీద తనకే నమ్మకం లేదు.

ప్రోకిప్ పట్టకారుతో పిడి ఊడిన చోట మిగిలిన కడ్డీ తిప్పి తలుపు తెరిచేసరికి నడవాలో కోర్టు కోర్టంతా ఉంది. ఎదురుగా రెంజో, టై పక్కకి పోయి, చెమటలు కక్కుతూ, రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డాడు, వాళ్ళు కిటికీలోంచి దూకబోతే పట్టుకోవాల్సిన వాడిలాగా.

హాల్లో జడ్జి కళ్ళద్దాలు పైకి తోసుకుని అడిగింది. "నీకు ఇష్టమేనా, తల్లీ? ఎవరూ బలవంతపెట్టలేదు కదా?"

"లేదు," అంది యారీనా. "ఒప్పుకుంటున్నాను."

తిమిష్‌ని అడిగితే వాడు లేచి, వాళ్ళింట్లో కుక్కకి కూడా ఇదే ఇంటిపేరు ఉంటుందా అన్నాడు. ఆ ప్రశ్నకి ప్రభుత్వం తరఫున కూర్చున్న ప్రాసిక్యూటరు అభ్యంతరం చెప్పలేదు. వసతిగృహం తరఫున సాక్ష్యం చెప్పమంటే వర్వారా లుకీవ్నా లేచి, "పిల్లలు వీళ్ళకి అలవాటు పడ్డారు. వీళ్ళు మంచివాళ్ళు," అని చెప్పి, ఇంకా ఏమైనా ఉందా అని జడ్జి అడిగేలోపే కూర్చుంది.

తీర్పు మీద అప్పీలు గడువు తీరాక, దట్టంగా మంచు కురుస్తున్న ఒక ఉదయాన పిల్లలు వెళ్ళిపోయారు. మా వసతిగృహం నుంచి వెళ్ళే పిల్లలు లోదుస్తులతో సహా అన్నీ విప్పి ఇచ్చేసి, కొత్త తల్లిదండ్రులు తెచ్చిన బట్టలు వేసుకుని వెళ్ళాలి. ఇక్కడివన్నీ ప్రభుత్వానివి, తర్వాతి పిల్లలకి కావాలి. ఓర్నెల్లా తెచ్చిన కోటు ముచ్చటగా ఉంది గానీ, దాన్ని కుట్టినవాళ్ళకి మా చలి గురించి ఎవరూ చెప్పలేదు. గేటు దగ్గర వర్వారా లుకీవ్నా యారీనా మెడ చుట్టూ బూడిదరంగు ఉన్ని శాలువా రెండు చుట్లు చుట్టి, కొసలు కోటులోకి దోపింది. కారు వెళ్ళింది. పిల్ల వెనక్కి తిరగలేదు. ఆవిడ కూడా తిరగమనలేదు.

లోపలికి వచ్చి ఖాళీ మంచాల మీద దుప్పట్లు లాగుతుంటే, బట్టల స్టోరు చూసే నొన్నా పిలిపివ్నా చేతిలో విడిచిన బట్టల మూటతో గుమ్మంలో నిలబడింది.

"శాలువా ఒకటి తక్కువొచ్చింది, వర్వారా. దాని మీద ప్రభుత్వం ముద్ర కూడా ఉంది. దర్జాగా ఇటలీ పంపించేశావు. రేపు పైనుంచి వచ్చి ప్రభుత్వం శాలువా ఏదని నిలదీస్తే నేనేం చెప్పి చావను?"

వర్వారా లుకీవ్నా దుప్పటి మడత పెడుతూనే, తల తిప్పకుండా అంది.

"ప్రభుత్వానికి చలేస్తే చెప్పు నొన్నా, దానికీ ఒకటి అల్లిపెడతాను."