రంగు మీద బిగించిన ఎర్త్ బోల్టు

ఎనిమిదేళ్లుగా ఒక బోల్టు బరువు మోస్తున్నాను. నవ్వకండి. వేలెడంత కూడా ఉండదు. దాని సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన నాది బండ్ల కరెంటు పని చేసే షాపు. టెంట్ హౌస్ సేటు ఒకాయన జనరేటర్ ట్రాలీని పికప్ వెనక తగిలించి పెళ్లిళ్లకు తిప్పేవాడు. నడిపేది యాదయ్య. ఆ ఏడు ఆయుధ పూజకని సేటు ట్రాలీకి కొత్తగా నీలం రంగు కొట్టించి, వెనక లైట్ల వైరింగు నాకు అప్పగించాడు. ఎర్త్ వైరు బిగించే చోట రంగు గీకాలి, ఇనుము తేలాలి. అప్పుడే కరెంటు తిరిగి వెళ్లడానికి దారి. నాకు తెలియదా? తెలుసు. పూజకు ముందు అంత మెరిసే రంగును గీకడం ఎందుకులే అని పైనే బిగించేశాను. బ్రేకు, ఇండికేటరు, అన్నీ వెలిగాయి.

మూడు వారాలకు, పొద్దుగూకే వేళ, శేరిగూడ దగ్గర లైట్లు ఆరిపోయిన ఆ ట్రాలీని బైకు మీద వస్తున్న ఒకతను వెనక నుంచి గుద్దుకున్నాడు. కాలు విరిగింది.

మర్నాడు ట్రాలీ నా దగ్గరికొచ్చింది. చిత్రమేమిటంటే, నిలబెడితే లైట్లు వెలుగుతున్నాయి, కదిపితే పోతున్నాయి. ఎడమ ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు కూడా మినుకుమంటోంది. ఇదేం మాయ? ఫ్యూజులు చూశాను, ప్లగ్గు పిన్నులు చూశాను, టెస్ట్ ల్యాంపు పట్టుకుని కింద దూరాను. బోల్టు విప్పితే దాని కింద నీలం రంగు చెక్కుచెదరలేదు. అంటే ఇన్నాళ్లూ లైట్లు వెలిగింది పికప్ కొక్కేనికి ట్రాలీ ఇనుము రాసుకోవడం వల్లనన్నమాట! ఆ వారమే యాదయ్య కొక్కేనికి దిట్టంగా గ్రీజు పట్టించాడు. ఆ దారీ మూసుకుపోయింది. నిజం చెబుతున్నాను, ముందు నాకు కలిగింది సంతోషం. దొరికింది అని! ఒక మనిషి కాలు విరిగిందన్న సంగతి ఆ క్షణంలో గుర్తే లేదు. ఎలాంటివాణ్ణి నేను?

బయటికొస్తే సేటు, యాదయ్య నిలబడి ఉన్నారు.

"ఏమైందే, దొరికిందా?" అన్నాడు సేటు.

"కొక్కేనికి గ్రీజు పెట్టిండ్రు. గందుకే ఎర్త్ పోయింది," అన్నాను.

యాదయ్య ముఖం పాలిపోయింది. "అవ్ అన్నా, నేనే పెట్టిన. కిర్రుమంటుందని పెట్టిన. గింత పనైతదని నాకేమెరుక?"

నేనన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఛీ, అదే నన్ను తినేస్తోంది. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు బయటపడేది. సేటు యాదయ్యను పొమ్మనలేదు. యాదయ్యే తాళం చెవి ఇచ్చేశాడు. ఇప్పుడు తుర్కయాంజాల్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. స్టీరింగు ముట్టడు. తన చేతి వల్లే ఒకడు కుంటివాడయ్యాడని నమ్ముతున్నాడు.

నేనెందుకు నోరు విప్పలేదు? పనిమంతుడన్న పేరు పోతుందనా? సేటుకు భయపడా? ఎన్నిసార్లు వెతుక్కున్నా ఈ లోపం ఎక్కడుందో దొరకదు. యాదయ్య ఎదుట నిలబడి చెప్పగలనో లేదో ఇప్పటికీ తెలియదు. రాస్తుంటే మాత్రం గుండె కాస్త తేలికవుతోంది, అందుకు సిగ్గుగానూ ఉంది.

యాదయ్యా, కొక్కేనికి గ్రీజు పెట్టడం మంచి డ్రైవరు చేసే పనే. ఆ లైట్లు ఆర్పింది నేను.