తెల్లమందు జాడీ

ఇరవయ్యేళ్ల వయసులో ప్రమాదాలన్నీ పక్కవాడి కోసమే పుట్టాయని ఒక ధీమా ఉంటుంది. పందొమ్మిదివందల యాభైల నాటి ఆ రోజుల్లో, కర్నూలు పొలిమేరలో ఆసుపత్రి దూది తయారుచేసే చిన్న కార్ఖానాలో చేరినప్పుడు నాకూ ఆ ధీమా దండిగా ఉండేది. దూదిని తెల్లబరచడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడేవాళ్లం. చూడ్డానికి మంచినీళ్లే. వేలికి తగిలితే మాత్రం చర్మం సున్నం పూసినట్టు పాలిపోయి, సూదులు గుచ్చినట్టు మండేది. ఆ తడిచేత్తోనే మీసం దువ్వుకునేవాణ్ణి (కొత్త మీసం, దువ్వకుండా ఎవరుంటారు?). పెదవి మండడం అటుంచి, మీసం రాగిరంగుకు తిరిగింది. "ఏమప్పా, దొరలు పోతాపోతా మీసం నీకిచ్చి పోయినారా?" అని మా మేస్త్రి పగలబడి నవ్వాడు.

మేస్త్రిని అందరం పహిల్వాన్ మామ అనేవాళ్లం. యజమాని తెప్పించిన రబ్బరు చేతితొడుగులు గోడమేకుకే వేలాడేవి. "అవి మెత్తని చేతులోళ్లకప్పా" అనేవాడు మామ. మందు ఉండే పెద్ద గాజు జాడీ మూతకు, లోపల పుట్టే గాలి పోవడానికి సన్నటి రంధ్రం ఉండేది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డు పెనంలా కాలుతుంటే ఆ రంధ్రం బుసకొట్టడం మొదలుపెట్టింది. "మందంతా గాలికి పోతాండాది" అంటూ మామ అందులో గుడ్డపీలిక కుక్కి, మూత చుట్టూ ఇనపతీగ బిగించాడు. మాకందరికీ అది మహా తెలివైన పనిగానే తోచింది. కాసేపటికి తుపాకి పేలినట్టు చప్పుడైంది. జాడీ ముక్కలైంది. మామ రెండు చేతులతో ముఖం కప్పుకొని, "కండ్లు... నా కండ్లు!" అని కేకలు పెడుతున్నాడు.

దూది కడిగే పెద్దక్క పరుగున వచ్చి, అంత మనిషినీ జుట్టు పట్టి నీళ్లతొట్టి దగ్గరికి ఈడ్చింది. నన్ను మామ రెప్పలు తెరిచి పట్టుకోమని, చెంబుతో నీళ్లు పోస్తూనే ఉంది. "సాలక్కా, సచ్చిపోతా!" అన్నాడు మామ. "ఇంగా సాల్దు. అరుచుకో, కండ్లు మాత్రం మూయొద్దు" అంది. ఆమె చేతులూ తెల్లబడి మండుతున్నాయి. ప్రభువును తలుచుకుంటూనే పోసింది. తర్వాత ఎద్దులబండిలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎడమకన్ను దక్కింది. కుడికంట్లో తెల్లగా పువ్వు వేసింది. ఇక చూపు రాలేదు.

చాన్నాళ్లకు తిరిగొచ్చిన మామ షెడ్డు గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నాడు. చేతికి తొడుగు, కంటికి అద్దాలు లేనిదే ఎవర్నీ లోపలికి పోనివ్వడు. బజార్లో దొరికినవి మోటారుసైకిలు అద్దాలే. అవి పెట్టుకుని దూది పిండే మమ్మల్ని చూస్తే విమానం నడపబోతున్నట్టుండేది. "నగుకోండప్పా, బాగా నగుకోండి. రెండు కండ్లతో నగుకోండి" అనేవాడు. ఆ మాటకు అద్దాలు సరిచేసుకుని మళ్లీ దూది పిండేవాళ్లం.

ఇప్పుడు నా మీసం ఏ మందూ అక్కర్లేకుండానే తెల్లబడింది. సోడాసీసా కొట్టేటప్పుడు ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుంటాను. "తాతా, సోడాకు కూడా భయమా?" అని మనవరాలు నవ్వుతుంది. భయమేనమ్మా అని నేనూ నవ్వి, రెండు కళ్లూ తెరిచి, దాని నవ్వు చూస్తాను.