సేఠు ఎక్కని లిఫ్టు

మోటారు వేగంగా తిరిగినంత మాత్రాన బరువు లేవదు. ఆ వేగాన్ని తగ్గించి బలంగా మార్చే గేర్‌బాక్సు నడుమ ఉండాలి. ముంబై దగ్గరి భివండిలో, మన నేతవాళ్లుండే పద్మనగర్‌లో అలాంటివి గీసి, చేసిపెట్టేవాడు కనుకయ్య. డిప్లొమా చదివాడు. కొడుకు మగ్గం పట్టలేదని తండ్రి చివరిదాకా సణిగాడు. కనుకయ్య మంచివాడే గానీ ముక్కు మీదే ఉంటుంది కోపం.

2002లో పర్శరాములు సేఠు ఊరి బయట మాన్కోలిలో గోదాం కట్టి, బట్టల మూటలు పై అంతస్తుకు చేర్చే లిఫ్టుకు గేర్‌బాక్సు చెయ్యమన్నాడు. 'మనుషులు ఎక్కరాదు' అని బోర్డు కూడా పెట్టించాడు. మరి పైన మూటలు దించేవాళ్లు ఎగిరిపోవాలా? మెట్లున్నాయి, కానీ వాటి నిండా సేఠు మూటలే పేర్చాడు. అందుకని హమాలీలు మూటల మీదే కూర్చుని పైకి పోవాల్సిందే. కనుకయ్య అది ముందే ఊహించాడు. మనుషుల బరువు కూడా లెక్కలో వేసి వర్మ్ గేరు పెట్టాడు. అందులో మరమేకు లాంటి ఇరుసు కంచు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం మాత్రం ఇరుసును వెనక్కి తిప్పలేదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో లిఫ్టు ఎక్కడిదక్కడే ఆగాలి మరి.

సేఠుకు ఆ నిదానం నచ్చలేదు. ఎవరితోనో మామూలు పళ్ల గేర్లు వేయించి వేగం పెంచుకున్నాడు. తానూ మగ్గాలకు నూలు కండెలు చుట్టి పైకొచ్చినవాడే! ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూటలు మోసే లక్ష్మవ్వ ఒకరోజు కనుకయ్య షెడ్డుకు వచ్చింది.

"కరెంట్ పోతే లిఫ్టు కిందికి జారుతున్నది బిడ్డా. నిన్న నా పానం పోయినంత పనైంది."

కనుకయ్య చేతులకంటిన గ్రీజు కూడా తుడుచుకోకుండా ఆమెతో ఆటో ఎక్కి, గోదాంకు పోయి సేఠును అడిగాడు.

"బ్రేకున్నది గదా, ఏం గాదు. నీ గేరు నత్త లెక్క పోతది" అన్నాడు సేఠు.

"ఒక్క బ్రేకు ఎన్ని రోజులు ఆపుతది? గది అరిగితే ఎట్ల?"

"నువ్వేంది నాకు చెప్పేది?"

"గట్లయితే మీరే ఎక్కుండ్రి సేఠ్. నడిమిట్ల నేను కరెంట్ బంద్ చేస్త."

హమాలీలు పని ఆపి చూస్తున్నారు. సేఠు ముఖం కందగడ్డ అయింది.

"నాకేం కర్మ? నేను మెట్ల మీదికెల్లి పోత!"

అందరూ మెట్ల వైపు చూశారు. కింది మెట్టు నుంచి పైకప్పు దాకా మూటలే.

లక్ష్మవ్వ తల మీది చుట్టబట్ట తీసి నేల మీద వేసి, దాని మీద కూర్చుంది.

"అయితే గా మెట్లు ఖాళీ చేయించు సేఠ్. మేం గూడ గట్లనే పోతం."

మిగతావాళ్లూ ఒక్కొక్కరే ఆమె పక్కన కూర్చున్నారు.