ఒరిజినల్ యాక్సిల్

వనపర్తిలో ఆయన్ను అందరూ ఉస్తాద్ అనేవారు. పాత అమెరికన్ స్టేషన్ వ్యాగన్ రిపేరుకొస్తే ముందు కిందికి దూరి, వెనుక యాక్సిల్‌ను కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాడు. కళ్లు మూసుకుని, దాని మీది కంపెనీ నంబరును బొటనవేలితో తడిమి చదివేవాడు.

నాన్న పోయాక మా వ్యాగన్‌ను నేనే తొందరపడి అమ్మేశాను. తర్వాత ఏళ్ల తరబడి వెతికాను. కల్వకుర్తిలో అలాంటిదే ఒకటి కనిపించింది. కాగితాలు లేవు, రంగు మార్చారు. మాదో కాదో చెప్పమని ఉస్తాద్‌ను తీసుకెళ్లాను.

ఆయన కింద చాలాసేపు ఉన్నాడు.

"ఏంది ఉస్తాద్, పండుకున్నవా?" అన్నాడు అమ్మేవాడు.

"ఒరిజినల్ యాక్సిలే," అన్నాడు ఉస్తాద్ కిందినుంచే.

"నేను చెప్పలేదా సార్!" అని అమ్మేవాడు నా వైపు తిరిగి నవ్వాడు.

ఉస్తాద్ బయటికొచ్చి, నన్ను చూడకుండా బొటనవేలు తుడుచుకున్నాడు.

"మీ నాయన బండి యాక్సిల్ బిజినేపల్లి కాడ ఇరిగింది బేటా. గసొంటిది దొరకక జీపుది నేనే ఎక్కిచ్చిన. దీని బోల్టులు ఎవ్వలూ ఇప్పలే. గిది మీది కాదు."

నాన్న ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. ఉస్తాద్ ఆ రోజు అబద్ధం చెప్పినా నమ్మేవాణ్ణి.

ఇప్పుడు ఆయనా లేడు. పాత వ్యాగన్ కనబడితే నేనే కిందికి దూరి, బొటనవేలితో తడుముతాను, ఆ ఒరిజినల్ కంపెనీ నంబరు తగలకూడదని.